వదిన వంతు

పొయ్యి మీద నీళ్ళు కళపెళమంటున్నాయి. చన్నీళ్ళలో కలిపి రెండుసార్లు జల్లెడలో వడగట్టిన పిండిని ఆమె ఒక చేత్తో సన్నటి ధారగా వంపుతూ, రెండో చేత్తో కర్రగరిటె ఆపకుండా తిప్పుతోంది. ఉండ కట్టకూడదు. ఉండ కట్టిందంటే అంతెత్తు నుంచి పడేటప్పుడు నడినెత్తిన రాయిలా తగులుతుంది. మరీ పలచనైతే కళ్ళలోకీ ముక్కులోకీ కారుతుంది. మరీ చిక్కనైతే చెవుల్లో చేరి, రెండు రోజులదాకా ఎవరు పిలిచినా నూతిలోంచి పిలిచినట్టుంటుంది. గరిటె ఎత్తి చూస్తే జావ తెగకుండా జారాలి. జారినచోట గీత ఒక్క క్షణం నిలిచి మాయమవ్వాలి. దించాక మూత పెడితే ఆవిరికి నీళ్ళు పడతాయి, పెట్టకపోతే పైన మీగడలా పొర కడుతుంది. అందుకని గట్టిగా పిడిచిన తడిగుడ్డ కప్పాలి.

ఇదంతా ఆమెకెవరూ నేర్పలేదు. ముప్పై ఒక్కేళ్ళుగా తన నెత్తిన పోయబోయే జావ తానే కాచుకుంటున్న మనిషికి ఒకరు నేర్పేదేముంటుంది?

ఇవాళ కాస్తున్నది మాత్రం తన నెత్తి కోసం కాదు.

పక్కగదిలో వదిన దగ్గింది. ఆమె చేతిలో గరిటె ఆగింది. ‘ఇదుగో, మొదలైంది’ అనుకుని, అడుగంటకుండా మళ్ళీ తిప్పింది. వదిన ఇంకోసారి దగ్గింది. ఈసారి ఆమె గరిటె ఆపలేదు.

లోకానికి వీళ్ళిద్దరూ తడి-పొడి. వదిన పొడి, ఆమె తడి. వేదిక మీదైనా, బస్టాండులోనైనా, బ్యాంకు వరండాలోనైనా ఒకటే వరస. మధ్యలో ఎత్తుపీట, దాని మీద తడి. వెనక ఇస్త్రీ కోటు తొడుక్కున్న పొడి. పొడి చేతిలో ఒక అర్జీ. ఎవరో ఒక పెద్ద అధికారికి రాసిన ఆ అర్జీని పొడి ఆఫీసు భాషలో గంభీరంగా చదువుతుంటే, ఒక్కో వాక్యానికీ తడి ‘చిత్తం’ అంటుంది. ‘కావున తమరు దయతలచి’ అనే మాట రాగానే బకెట్ పైకి లేస్తుంది. ఆ తరవాత తడి కనిపించదు. పీట మీద తెల్లటి ముద్ద ఒకటి కనిపిస్తుంది. జనం పొట్టలు పట్టుకుంటారు.

అసలిది నాటకంగా మొదలవలేదు. అప్పట్లో ఇంటికి నీళ్ళు రావడంలేదని వదినా తనూ నీళ్ళ ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగారు. పదకొండోసారి గుమాస్తా ఫైలు తిప్పి చూపించి, ‘మీ ఇంటికి నీళ్ళు వస్తున్నట్టు ఇక్కడ రాసుందమ్మా’ అన్నాడు. వదిన బడిలో డ్రాయింగు టీచరు, నోరు తిరిగిన మనిషి. ఒక్క మాట కూడా అనలేదు. మూలనున్న మంటలార్పే బకెట్ తీసుకొచ్చి, పక్కన నిలబడ్డ ఆడపడుచు నెత్తిన గుమ్మరించి, ‘వచ్చాయండీ, రాసుకోండి’ అంది. వరసలో ఉన్న నలభైమందీ విరగబడి నవ్వారు. వారం తిరక్కుండా ఇంటికి నీళ్ళొచ్చాయి. నెల తిరక్కుండా వీళ్ళకి పిలుపులొచ్చాయి.

అన్నయ్య ముక్కున వేలేసుకున్నాడు. “ఇంట్లో వదినా ఆడపడుచుల పోట్లాట చాలదని, వీధిలో ప్రదర్శన కూడానా?” అన్నాడు. అని, వీళ్ళ కోసం ఎత్తుపీట తనే చేసిచ్చాడు. ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది. పీట ఇంకా కిర్రుమనదు.

మొదటిసారి హడావుడిలో పక్కనుంది కాబట్టి తన నెత్తిన పడింది. రెండోసారి, ‘ఈసారికి నువ్వే కూర్చోవే పిల్లా, నాకు జలుబుగా ఉంది’ అంది వదిన. మూడోసారి గొంతు బాలేదు. ఆ తరవాత మెడ పట్టేసింది. తరవాత జుట్టుకి రంగు వేసుకుంది. ‘నా గొంతు పోతే అర్జీ చదివేదెవరు? నీకేముంది, కూర్చోవడమేగా’ అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది. నెత్తిన అప్పటికే జావ ఉండేది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు.

మొన్న ప్రదర్శనశాల వాళ్ళు వచ్చారు. ముప్పై ఒక్కేళ్ళ ఫొటోలన్నీ గోడలకి పెడుతున్నారట. ప్రారంభం రోజు సాయంత్రం నాలుగింటికి తడి-పొడి చివరిసారిగా అర్జీ ఆడాలట. వదినతోనే మాట్లాడి, ఎత్తుపీటా వేషాలూ బండిలో వేసుకుని వాళ్ళు వెళ్ళాక ఆమె తలుపేసి, తలుపుకి వీపానించి నిలబడింది.

“చివరిసారి నేను పోస్తాను. నువ్వు కూర్చుంటావు.”

వదిన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “చూద్దాం లేవే” అంది.

“చూద్దాం కాదు వదినా. కూర్చుంటానంటేనే వస్తాను. లేదంటే నీ బకెట్ నువ్వే పోసుకో.”

వదిన కళ్ళద్దాలు పెట్టుకుంది. “సరే. నా వంతు” అంది.

ఆ ‘సరే’ని ఆమె ఇప్పటికీ నమ్మలేదు. గుడ్డ కప్పి, బకెట్ ఒక మూలకి జరిపి, పనికి బయల్దేరింది.

ఆమె పని ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఇరవై ఆరేళ్ళుగా అదే షెడ్డు, అదే మూడో నంబరు మిషను. పొద్దున ఆరింటికి బళ్ళలో మూటలొస్తాయి. విప్పి, మరకలున్నవి వేరు చేసి, నానబెట్టి, మిషనులో వేసి, తీసి, పిండి, ఆరబెట్టే డ్రమ్ములోకి తోస్తుంది. చేతివేళ్ళు ఎప్పుడూ ముడతలు పడి, ఎక్కువసేపు నీళ్ళలో ఆడిన పసిపిల్లల వేళ్ళలా ఉంటాయి. యాభై ఏడేళ్ళొచ్చినా బలం మాత్రం భుజాల్లోనే ఉంది. తడి దుప్పటి ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుసు.

షెడ్డు గోడ మీద ఎవరో ప్రదర్శన పోస్టరు అంటించారు. టీ వేళ ఇద్దరు ముగ్గురు దాని ముందు నిలబడ్డారు. పోస్టరు నిండా వదిన మొహం, కళ్ళద్దాలూ, ఎత్తిన చెయ్యీ. కింద మూలగా తెల్లటి ముద్ద.

“ఈవిడ భలే మొండిదట. పోలీసులకి కూడా అర్జీ చదివి వినిపించిందట” అంది ఇస్త్రీ బల్ల దగ్గరావిడ.

“మరి ఈ పిండిముద్ద ఎవరో పాపం” అంది ఇంకొకావిడ.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. “నేనే.”

ఇద్దరూ ఆమె వంక చూశారు, పోస్టరు వంక చూశారు, మళ్ళీ ఆమె వంక చూశారు. తరవాత ఇస్త్రీ ఆవిడ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

“అక్క జోకులెయ్యదనుకున్నాం ఇన్నాళ్ళూ!”

“నిజమే చెప్తున్నా. సాయంత్రం రండి, చూపిస్తా.”

“వస్తాంలే అక్కా. ఆ ముద్దని అడుగుతాం, మా అక్క నువ్వేనా అని.”

వాళ్ళ తప్పు కూడా లేదు. ఎప్పుడైనా ఆమె మొహం కనబడితే కదా. ఆమెకి ముప్పై ఏళ్ళున్నప్పుడు పెళ్ళిచూపులకి ఒకతను వచ్చాడు. ఇంటికొస్తే పద్ధతిగా ఉండేది. ప్రదర్శన ఉందని తెలిసి నేరుగా అక్కడికే వచ్చాడు. అయిపోయాక వదిన దగ్గరికెళ్ళి, ‘చాలా బాగుందండీ. ఇంతకీ మీ ఆడపడుచుని ఎప్పుడు చూపిస్తారు?’ అన్నాడు. ఆమె అతనికి రెండడుగుల దూరంలో, మోచేతుల నుంచి జావ కారుతూ నిలబడి ఉంది. కళ్ళలో పడింది తుడుచుకుని, నోట్లోది ఉమ్మి, ‘నేనేనండీ’ అనేలోపు అతను బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వదిన నెలరోజులు ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? అప్పుడు నవ్వినందుకు ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

పన్నెండింటికి సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి సగంపూట సెలవడిగింది.

“ఎందుకూ?”

“వదినతో పని.”

“ఏం పని?”

“ఆవిడకి నీళ్ళు పోయాలి.”

సూపర్‌వైజరు మొహం జాలిగా పెట్టాడు. “అయ్యో, మంచం పట్టిందా? వెళ్ళమ్మా వెళ్ళు.”

ఆమె మిషను ఆపేసి బయల్దేరింది. ఎన్నిటికని సమాధానం చెబుతుంది?

ఇంటికొచ్చేసరికి వదిన మంచం మీద గోడకి చేరగిలబడి ఉంది. పక్కన చేతిసంచీ. మామూలుగా అందులో కళ్ళద్దాల పెట్టె, అర్జీ కాగితం తప్ప మరేమీ ఉండవు. ఇవాళ ఉబ్బెత్తుగా ఉంది. రొట్టెలో బిస్కెట్లో వేసుకుని ఉంటుంది, ఆకలికి ఆగలేని మనిషి. ఆమె సంచీ మాత్రం ఎప్పుడూ బరువే. తువ్వాలు, సబ్బు, దువ్వెన, పొడిబట్టల జత, చెవులు తుడుచుకోవడానికి దూది, తడిసినవి వేసుకోవడానికి ప్లాస్టిక్ కవరు. ఇవాళ వాటితో పనిలేదని ఆమె పట్టుదలగా ఏమీ సర్దలేదు. తను ఇవాళ తడవదు. తడిసేవాళ్ళ సంగతి తడిసేవాళ్ళే చూసుకోవాలి. ఆవిడ తువ్వాలు కూడా తనే మోయాలా?

“తిన్నావా?” అంది వదిన.

“తిన్నాను. నువ్వు?”

“తినబుద్ధి కాలేదు.”

“రాత్రి తిందువుగానిలే. లే.”

బస్సులో బకెట్ ఆమె ఒళ్ళో పెట్టుకుంది. బయల్దేరేముందు మళ్ళీ వెచ్చబెట్టిన జావ వేడి తొడలకి తగులుతోంది. వదిన కిటికీ పక్కన కూర్చుని, తన ఎడంచేతిని కుడిచేత్తో మెల్లగా నొక్కుకుంటోంది. ఆమె చూసింది. చూడనట్టు ముందుకి తిరిగింది.

ప్రదర్శనశాల పాత భవనం. మెట్లు ఎక్కువ. సగం ఎక్కాక వదిన కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

“ఉండవే పిల్లా. ఈ మెట్లు కట్టినవాడెవడో నామీద పగబట్టి కట్టాడు.”

“మొదలెట్టావా?”

“ఏం మొదలెట్టాను?”

“సాకులు.”

“ఊపిరందట్లేదే.”

ఆమె బకెట్ మెట్టు మీద దించింది. “జలుబయింది, గొంతయింది, మెడయింది, జుట్టయింది. ఊపిరొక్కటే మిగిలిందనుకుంటా.”

వదిన ఆమె మొహంలోకి చూసి, ఉన్నట్టుండి నవ్వింది. చెమటలు పట్టిన మొహంతో, కమ్మీ పట్టుకునే నవ్వింది. “అదీ వాడేశాను. ఇక కొత్తవి లేవు. పద.”

పైన పెద్ద హాలు. గోడల నిండా వాళ్ళే. నీళ్ళ ఆఫీసులో ఎవరో తీసిన ఫొటో, బ్యాంకు వరండాలోది, నీళ్ళు రాని ఫౌంటెన్‌ని ప్రారంభించిన రోజుది. ఆ రోజు, ‘నీళ్ళు మేం తెచ్చాం’ అని ఆమెనే ఫౌంటెన్ మధ్య నిలబెట్టింది వదిన. ఆ తరవాత ఇద్దరూ లాకప్పులో రెండు రోజులున్నారు. వదిన అక్కడ ఉపన్యాసాలిచ్చింది. ఆమె ఎండిన పిండి పెచ్చులు గీక్కుంటూ కూర్చుంది.

ప్రతి ఫొటో కిందా చీటీ ఉంది. ఆమె బకెట్ చేత్తో పట్టుకునే ఒక్కొక్కటీ చదువుకుంటూ నడిచింది. ‘పొడి, అర్జీ ప్రదర్శనలో. పక్కన సహాయకురాలు.’ ‘పొడి, ఫౌంటెన్ వద్ద, సహాయకురాలితో.’ ‘పొడి.’ చివరిదాంట్లో సహాయకురాలు కూడా లేదు. ఫొటోలో ఉంది, చీటీలో లేదు.

ప్రదర్శన చూసుకుంటున్న అమ్మాయి గబగబా వచ్చింది. “బకెట్ అలా మూల పెట్టండి పెద్దమ్మా. తుడవడం కార్యక్రమం అయ్యాకే.”

“ఈ సహాయకురాలికి పేరు లేదా అమ్మా?”

“కనుక్కుంటున్నామండీ. పాత ఫొటోలు కదా, ఎవరూ సరిగా చెప్పలేకపోతున్నారు.”

వదిన అప్పటికే వేదిక పక్కగదిలోకి వెళ్ళింది. ఆమె బకెట్ అక్కడికి తీసుకెళ్ళి ధడాలున దించింది. గుడ్డ పక్కకి జరిగి, జావ అంచుదాకా ఊగింది.

“చీటీలు చూశావా?”

“చూశాను” అంది వదిన.

“రాయించింది నువ్వేనా?”

“వాళ్ళే రాసుకున్నారు. మారుద్దాంలే.”

“ఎప్పుడు? నేను పోయాకా?”

 వదిన కుర్చీలోంచి లేచి, ఆడపడుచు పాత నూలు గౌను తొడుక్కుంది. తడి వేషం. ముప్పై ఒక్కేళ్ళలో ఎన్నిసార్లు ఉతికినా మెడ దగ్గర పిండి చాయ పోలేదు. వదినకి అది వదులుగా వేలాడింది. ఆమె వదిన కోటు వేసుకుంది. ఎన్నో ఏళ్ళుగా తనే ఇస్త్రీ చేస్తూ వచ్చిన కోటు.  భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

“ఎలా కూర్చోవాలే?” అంది వదిన, గదిలోని స్టూలు మీద కూర్చుని.

 ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

“నడుం నిటారుగా. భుజాలు దించు. భయానికి పైకి లాక్కుంటాం, లాక్కుంటే మెడలోకి కారుతుంది. గడ్డం కాస్త కిందికి. కళ్ళూ నోరూ మూసుకో. ఊపిరి బిగబట్టకూడదు. ముక్కుతో సన్నగా వదులుతూనే ఉండాలి. పీల్చావంటే అయిపోయావు.”

వదిన కళ్ళు మూసుకుని ప్రయత్నించింది. ఆమె వంగి, ఆ మొహాన్ని దగ్గరగా చూసింది. ముక్కుపుటాలు సన్నగా అదురుతున్నాయి.

“అదీ. ముక్కుపుటాలు కదలాలి. పోసేముందు నేను చూస్తాను. అవి కదుల్తుంటేనే పోస్తాను.”

“నేనెప్పుడూ చూడలేదే” అంది వదిన కళ్ళు మూసుకునే.

“నాకు తెలుసు.”

“ఇంత ఉందా ఇందులో? కూర్చోవడమే అనుకున్నాను.” కళ్ళు తెరిచి, “భయం వేస్తుందా?” అంది.

“పోసేదాకా.”

“పోశాక?”

“పోశాక చలేస్తుంది.”

వదిన తల పంకించింది. చిన్న పిల్ల పాఠం అప్పజెప్పేముందు కూర్చున్నట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నాలుగింటికి హాలు నిండింది. కిటికీల్లోంచి ఏటవాలు ఎండ వేదిక మీద పడుతోంది. లాండ్రీవాళ్ళు కూడా వచ్చారు, వెనక వరసలో ఇస్త్రీ ఆవిడ మొహం కనబడింది. వదిన వెళ్ళి ఎత్తుపీట మీద కూర్చోగానే జనంలో కలకలం రేగింది. పొడి కూర్చుందేమిటి? ఆ కోటావిడెవరు?

ఆమె వెనక నిలబడి కాగితం విప్పింది. ఎప్పుడూ చదివే అర్జీయే. మొదటి వాక్యం చూసింది. గోడ మీద చీటీలు చూసింది. కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంది.

“మహారాజశ్రీ పొడి గారి సముఖమునకు, వారి ఆడపడుచు వ్రాసుకొను అర్జీ ఏమనగా...”

హాలు ఒక్కసారిగా నవ్వింది. వదిన భుజాలు ఉలిక్కిపడ్డాయి. తరవాత, “చిత్తం” అంది పెద్దగా.

“గత ముప్పది యొక్క సంవత్సరములుగా తమరు నా నెత్తిని వీధి కుళాయిగా భావించి, నీళ్ళు, సున్నము, సిరా, చారు, పిండి జావ మొదలగు పదార్థములు అందులో నిలువచేయుచున్నారు. కుళాయికైనను ఆదివారము సెలవు కలదు.”

“చిత్తం.”

జనం చప్పట్లు కొట్టారు. ఆమెకి ఒళ్ళు వేడెక్కింది. తన గొంతు ఇంత దూరం వెళుతుందని ఆమెకి తెలీదు. పీట మీద కూర్చున్నప్పుడు నవ్వు ఎప్పుడూ చెవులు మూసుకుపోయాకే వచ్చేది, దూరంగా, గోడ అవతల నుంచి వచ్చినట్టు. ఇప్పుడు ఒక్కో నవ్వూ విడివిడిగా వినబడుతోంది.

“నన్ను చూచుకొనుటకు వచ్చిన ఒక వరుని జావలో పోగొట్టుకొంటిని. అతడు నాకు రెండడుగుల దూరమున నిలబడి, అమ్మాయి ఏదీ అని తమరినే అడిగెను. తమరు నెలరోజులు నవ్వితిరి. దానికి తమ సంజాయిషీ ఏమి?”

వెనక వరసలో ఇస్త్రీ ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వదిన వీపు కదిలింది, నవ్వుకో దేనికో. “చిత్తం” అంది. ఈసారి చాలా మెల్లగా. ముందు వరసకైనా వినబడిందో లేదో.

ఆమె కోటు జేబుల్లో చేతులు దోపుకుంది. ఏ మాట కోసం ఇక్కడికొచ్చిందో ఆ మాట ఇప్పుడు రావాలి.

“అమ్మా. జావ కాచినది నేను. పీట మోసినది నేను. అయిపోయిన తరవాత నేల తుడిచినది నేను. ఈ గోడల మీద మాత్రం నేను లేను. ఉన్నాను గాని, ముద్దనై ఉన్నాను. ముద్దకొక పేరు ఉన్నదని తమరు ఒక్కసారి, ఈ నలుగురిలో, తమ నోటితో చెప్పవలెను.”

అని ఆగింది.

‘చిత్తం’ రాలేదు.

హాలు ఆ మౌనానికే నవ్వింది. వదిన పద్ధతే అంత. ఎక్కడ ఆగితే జనం పడిపోతారో ఆవిడకి తెలుసు. ఆమెకి పళ్ళు కొరుక్కోవాలనిపించింది. చివరికి ఇక్కడ కూడా నవ్వు ఆవిడే లాక్కుంది.

“వింటున్నారా, పొడి గారూ?”

మళ్ళీ నవ్వు. ఎవరో, “పొయ్యండి!” అని కేక వేశారు. ఇంకెవరో అందుకున్నారు. హాలంతా చప్పట్లతో తాళం వేస్తూ, పొయ్యండి, పొయ్యండి అంటోంది.

“కావున తమరు దయతలచి” అంటూ ఆమె గుడ్డ తీసి, బకెట్ రెండు చేతులా ఎత్తింది. దుప్పట్లు మోసిన భుజాలకి అది బరువే కాదు. వదిన తల మీదికి తెచ్చి, కొద్దిగా పక్కకి వంగి, మాటిచ్చిన ప్రకారం మొహం చూసింది.

నడుం నిటారుగానే ఉంది. పీట వెనక అన్నయ్య బిగించిన ఆనుకునే పలక ఆ వీపుని పట్టి ఉంచింది. గడ్డం కాస్త కిందికి. కళ్ళు మూసి ఉన్నాయి, నోరు మూసి ఉంది. భుజాలు దిగి ఉన్నాయి. చెప్పింది చెప్పినట్టు కూర్చుంది. ముక్కుపుటాలు కదలడం లేదు.

ఆమె చూస్తూ నిలబడింది. హాలు అరుస్తోంది. బిగబట్టిందా? బిగబడితే భుజాలు లేస్తాయి. కొత్తవాళ్ళెవరికైనా లేస్తాయి. ఇన్నేళ్ళు కూర్చున్న తనకే ఒక్కోసారి లేచేవి. బకెట్ కింద ఇంత నిశ్చింతగా ఎవరూ కూర్చోలేరు. అది ఆ హాల్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

“వదినా” అంది. ఆఫీసు భాష పోయింది.

జనం నవ్వారు.

ఆమె బకెట్ మెల్లగా దించి నేల మీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. వదిన బుగ్గ మీద చెయ్యి వేసింది. బుగ్గ ఇంకా వెచ్చగానే ఉంది. తల ఆమె అరచేతిలోకి ఒరిగింది.

అప్పుడు కూడా కొందరు నవ్వారు. కొంతసేపటికి మానేశారు.

జనంలోంచి ఒక డాక్టరు వచ్చాడు, నేల మీద పడుకోబెట్టాడు, గుండె మీద నొక్కాడు, నొక్కి నొక్కి చివరికి లేచి నిలబడ్డాడు. ఆసుపత్రి బండి వచ్చింది. స్ట్రెచర్ మనుషులు వచ్చారు. హాలు ఖాళీ అయింది. ఇస్త్రీ ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని, “అక్కా, నువ్వు నిజమే చెప్పావు” అని, ఇంకేమనాలో తెలీక వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆమె ఎత్తుపీట పక్కన నేల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. మెట్ల మీద ఊపిరందడం లేదని చెప్పింది. తను సాకులంది. బస్సులో చెయ్యి నొక్కుకుంటే మొహం తిప్పుకుంది. ముప్పై ఒక్కేళ్ళు అబద్ధాలు చెప్పి, ఒక్క నిజం ఇవాళే చెప్పాలా ఈవిడకి? ఆ ఒక్క మాట కోసం తను ఇన్నేళ్ళు ఆగితే, సరిగ్గా ఆ మాట ముందు వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు సంగతి వింది. పేరు సంగతి విందో లేదో ఎవరు చెబుతారు? చివరికి చుక్క తడవకుండా పోయింది. పొడి.

ప్రదర్శన అమ్మాయి ఒక ఫారం పట్టుకుని వచ్చింది.  “బండివాళ్ళు ఆవిడ గుర్తింపు కార్డు అడుగుతున్నారండీ. మీరు... మీరామెకి ఏమవుతారు?”

“ఆడపడుచుని.”

“మీ పేరండీ?”

ఆమె చెప్పింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. అమ్మాయి రాసుకుంది. రాసుకుని గోడలకేసి చూసి, మళ్ళీ ఆమెకేసి చూసింది. ఏదో అర్థమైనట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకి ఇప్పుడు దానితో పని లేదు.

“కార్డు సంచీలో ఉంటుంది. తెస్తానుండు” అని లేచి పక్కగదిలోకి వెళ్ళింది.

వదిన సంచీ కుర్చీ మీద అలాగే ఉబ్బెత్తుగా ఉంది. పైన జిప్పు లాగి చెయ్యి పెట్టింది. రొట్టెలు లేవు, బిస్కెట్లు లేవు. పొడిబట్టల జత మడతపెట్టి ఉంది. దాని కింద సబ్బుపెట్టె. వెడల్పు పళ్ళ దువ్వెన. అగ్గిపెట్టెలో దూది, చెవులకి సరిపడేలా చిన్న చిన్న ఉండలు చుట్టి ఉంది. తడిసినవి వేసుకోవడానికి ప్లాస్టిక్ కవరు. ఒక్కటి మరిచిపోలేదు. తను ఏ వరసలో సర్దుకుంటుందో అదే వరసలో, అన్నిటికన్నా పైకి రావలసినది చేతికి అందేలా పక్కన నిలువుగా దోపి ఉంది.

ఆమె దాన్ని బయటికి తీసింది. కొత్త తువ్వాలు, ముదురు నీలం, మూలన కొట్టువాడి చీటీ ఇంకా అంటుకునే ఉంది, మడత విప్పలేదు.